అరచేతిలో మదరసా

ఇస్లాం మతమున విద్యకు గల స్థానము సామాన్యమైనది కాదు. హిరా గుహలో ప్రవక్త ముహమ్మద్ (స) వారికి మొట్టమొదట వినవచ్చిన మాటయే 'ఇఖ్రా', అనగా 'చదువుము' అని. నాటినుండి నేటివరకు ప్రతి తరమువారును ఆ ఆజ్ఞను తమకు లభించిన సాధనములతో పాటించుచునే వచ్చిరి. ఒకప్పుడు తోలుముక్కలు, ఎముకలు, ఖర్జూరపు మట్టలు వ్రాత సాధనములు, పిమ్మట కాగితము, ఆ తరువాత రాతి అచ్చు, సీసపు అచ్చు, నేడు సెల్‌ఫోను. మన కళాశాల విద్యార్థులలో మతవిషయమున సందేహము కలిగినవాడు మొదట పోవునది మౌల్వీ సాహెబు వద్దకు కాదు, తన జేబులోని ఫోను వద్దకు. ఇది మంచికా, చెడ్డకా? ఈ మార్పును మనము ఎట్లు గ్రహింపవలెను? ఈ విషయములను విద్యార్థుల యెదుటను, కళాశాల సంఘము వారి యెదుటను ఉంచుటయే ఈ వ్యాసోద్దేశము.

ఒక తలుపు మూసిన కథ

సిద్ధాంతమునకు ముందు ఒక చిన్న సంగతి చెప్పెదము. కొంతకాలము క్రిందట మా తరగతిలోని ఒక విద్యార్థి పాఠము ముగిసిన పిమ్మట మా వద్దకు వచ్చి నిలిచెను. తెలివైనవాడు, మర్యాదస్థుడు. రెండు మూడు నెలలుగా రాత్రులందు ఫోనులో మతోపన్యాసముల తునకలు చూచుట అతనికి అలవాటైనది. ఒక్కొక్కటి ఒక నిమిషము, రెండు నిమిషములు. నమాజులో రుకూకు వంగునపుడును, లేచునపుడును చేతులెత్తనివారి నమాజు సున్నతుకు విరుద్ధమని ఒక వక్త గట్టిగా చెప్పగా విని, ఆ రాత్రియే తన నానీతో, "నానీ, యాభై ఏళ్ల నుంచి మీరు చదివిన నమాజు సరైంది కాదు" అనెనట.

ఆ వృద్ధురాలు మారు పలుకలేదు. మరునాటినుండి వెనుక గదిలోనికి పోయి, తలుపు మూసికొని నమాజు చేయసాగెను. మనుమడు చూచునేమోయని.

"సార్, నేను చెప్పింది నిజమే కదా? మరి నాకెందుకు ఇంత బాధగా ఉంది?" అని ఆ విద్యార్థి మమ్ము అడిగెను. మేము తెలుగు బోధించువారము. ఫిఖహ్ శాస్త్రము మాకు రాదు. "పెద్దవాళ్లతో అట్లా మాట్లాడకూడదు నాయనా" అని మాత్రము చెప్పి పంపివేసితిమి. ఆ సమాధానము చాలదని మాకును తెలియును. మర్యాదను గురించి చెప్పితిమే గాని, అతడడిగిన ప్రశ్నకు బదులు చెప్పలేదు. ఈ వ్యాసము ఒక విధముగా ఆనాడు మేము చెప్పలేకపోయిన సమాధానమే.

విద్యకు వంశవృక్షము

మదీనాలో ప్రవక్త (స) వారి మసీదునకు చేరి 'సుఫ్ఫా' అను ఒక అరుగు ఉండెడిది. ఇల్లువాకిలి లేని పేద సహాబీలు అచటనే నివసించి విద్య నేర్చిరి. పగలు కట్టెలు కొట్టి, నీళ్లు మోసి పొట్టపోసికొనినవారును వారిలో కలరు. అనగా ఇస్లాం చరిత్రలోని తొలి పాఠశాల మసీదులోనే, పేదల నడుమనే వెలసినది. విద్యయు, సేవయు ఒక్క కప్పు క్రిందనే పుట్టినవని గుర్తుంచుకొనవలెను. ఈ మాటకు మరల వచ్చెదము.

ఆ తరములవారు విద్యను గ్రంథమునుండి మాత్రమే గ్రహింపలేదు, మనిషినుండి గ్రహించిరి. జాబిర్ బిన్ అబ్దుల్లా (రజి) అను సహాబీ ఒకే ఒక హదీసును దానిని స్వయముగా విన్నవారి నోటనే వినవలెనని ఒంటెనెక్కి నెలదినములు ప్రయాణించి షాము దేశమునకు పోయిన కథ ప్రసిద్ధము. ఆ హదీసు ఇతరుల ద్వారా ఆయనకు అదివరకే తెలియును. అయినను పోయెను. ఏమి చెప్పబడినదను దానితోపాటు, ఎవరు చెప్పిరి, వారికి ఎవరు చెప్పిరి అనునది కూడ విద్యలో భాగమని వారి నమ్మకము. ఈ పరంపరకే 'సనదు' అని పేరు. గురువు శిష్యుని పరీక్షించి, 'ఇక నీవు ఇతరులకు బోధింపవచ్చును' అని ఇచ్చు అనుమతికి 'ఇజాజత్' అని పేరు.

ఈ పరంపరలో స్త్రీలకును గొప్ప స్థానము కలదు. హిజ్రీ 5వ శతాబ్దిలో మక్కాలో కరీమా మర్‌వజియ్యా అను విదుషీమణి సహీ బుఖారీని బోధింపగా దూరదేశముల పండితులు వచ్చి ఆమె వద్ద పాఠము విని పోయెడివారు. లక్నోలోని నద్వాలో చదివి ఇంగ్లండులో స్థిరపడిన అక్రమ్ నద్వీగారు ఇట్టి హదీసు విదుషీమణుల చరిత్రలను సేకరించి 43 సంపుటములుగా అరబ్బీలో 2021లో వెలువరించిరి. ఆడపిల్లలకు మతవిద్య ఎందులకు అని నేటికిని ప్రశ్నించువారు ఆ సంపుటముల సంఖ్యనైనను ఒకసారి తలచుకొనుట మంచిది.

సాధనము మారినప్పుడెల్ల

క్రొత్త సాధనము వచ్చినప్పుడెల్ల పెద్దలు జంకుట, పిదప దానిని స్వీకరించుట చరిత్రలో పలుమార్లు జరిగినదే. ఇస్తాంబులులో ఇబ్రాహీం ముతఫర్రికాకు అచ్చుకూటము పెట్టుకొనుటకు 1727లో అనుమతి లభించినది గాని, మతగ్రంథములు మాత్రము అచ్చువేయరాదని నిబంధన. మన దేశమున 18వ శతాబ్దిలో ఢిల్లీకి చెందిన షా వలీయుల్లాహ్ ఖుర్ఆనును పారసీలోనికి అనువదించిరి. వారి కుమారులు ఉర్దూలోనికి అనువదించిరి. సామాన్యునికి తన భాషలో దైవగ్రంథము అందినది. 1858లో లక్నోలో మున్షీ నవల్ కిషోర్ స్థాపించిన ముద్రణాలయము ఖుర్ఆను ప్రతులను, అరబ్బీ, పారసీ, ఉర్దూ గ్రంథములను అచ్చువేసి వ్యాప్తి చేసినది. ఆయన హిందువు. మసీదులో లౌడ్‌స్పీకరు వాడవచ్చునా లేదా అని ఒకప్పుడు పండితులు గ్రంథములు వ్రాసి చర్చించిరి. నేడు ఆ చర్చ ఎందరికి గుర్తున్నది?

ఈ చరిత్రలో మన హైదరాబాదునకు ఘనమైన పాత్ర కలదు. 1876లో మౌలానా అన్వారుల్లాహ్ ఫారూఖీ స్థాపించిన జామియా నిజామియా నేటికిని నడచుచున్నది. 1888లో నెలకొల్పబడిన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ, చేవ్రాత ప్రతులుగా నశించిపోవుచున్న అరబ్బీ గ్రంథములను సేకరించి, పరిష్కరించి, అచ్చువేసినది. బైహఖీ విరచితమైన సుననె కుబ్రా 10 సంపుటములు, ఇబ్నె హజర్ విరచితమైన తహ్‌జీబుత్ తహ్‌జీబ్ 12 సంపుటములు ఇచటనే అచ్చయినవి. ఈ రెండవ గ్రంథము హదీసు చెప్పినవారి చరిత్రల నిఘంటువు. ఎవరు నమ్మదగినవారు, ఎవరు కారు అని తెలుపునట్టిది. హైదరాబాదు ముద్రణల ఛాయాప్రతులు నేడు అంతర్జాలమున ఎల్లరకు అందుబాటులో ఉన్నవి. కైరోలోని విద్యార్థియు, కాలిఫోర్నియాలోని విద్యార్థియు వానిని తెరచి చదువుకొనగలరు.

అంతేకాదు. 1925లో హైదరాబాదునకు వచ్చిన మార్మడ్యూక్ పిక్తాల్ అను ఆంగ్లేయ ముస్లిం ఇచట పాఠశాలలో పనిచేయుచు, 'ఇస్లామిక్ కల్చర్' పత్రికను నడపుచు, నిజాము ప్రభుత్వము ఇచ్చిన సెలవుతో ఖుర్ఆను ఆంగ్లానువాదమును పూర్తిచేసి 1930లో ప్రకటించెను. నేడు ఫోనులో ఖుర్ఆను యాప్ తెరచినచో కనిపించు ఆంగ్లానువాదములలో అది తరచుగా ఒకటి. 1908లో ఈ నగరముననే జన్మించి, జామియా నిజామియాలోను, ఉస్మానియాలోను చదివిన డాక్టరు ముహమ్మద్ హమీదుల్లాహ్, అబూ హురైరా (రజి) శిష్యుడైన హమ్మామ్ సంకలనము చేసిన 138 హదీసుల చిన్న గ్రంథపు ప్రతులను బెర్లిను, డమాస్కసు నగరములలో గుర్తించి ప్రకటించిరి. 1959లో ఫ్రెంచి భాషలో ఖుర్ఆను అనువాదము వెలువరించిరి. పారిస్ నగరమున ఎందరో యువకులకు గురువైరి. తెలుగు విషయమునకు వచ్చినచో, ఖుర్ఆను తొలి తెలుగు అనువాదకునిగా పేర్కొనబడువారు భాషాచరిత్రకారుడైన చిలుకూరి నారాయణరావుగారు. ఒక హిందూ పండితుడు మనకొరకు చేసిన ఆ శ్రమను ఉర్దూ, తెలుగు రెండును బోధించు ఈ కళాశాలలో స్మరింపకుండుట కృతఘ్నత యగును.

కనుక మతవిద్య అంతర్జాలమునకు ఎక్కుట ఎక్కడనో, ఎవరో చేసిన పని కాదు. ఆ గ్రంథాలయమునకు మన నగరము కూడ ఇటుకలు మోసినది.

దూరవిద్యనుండి అంతర్జాలవిద్యకు

గురువు ఒకచోట, శిష్యుడు ఒకచోట ఉండి చదువుకొనుట మనకు క్రొత్త కాదు. దేశములోని మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో హైదరాబాదుననే వెలసినది. నేడు అది అంబేడ్కర్ పేరున నడచుచున్నది. 1998లో నెలకొల్పబడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయము సైతము దూరవిద్యతోనే ఆరంభమైనది. ఇంట ఉండి చదివి పట్టా పొందిన తల్లులు, అక్కలు మన విద్యార్థుల కుటుంబములలోనే కలరు.

మతవిద్యలో ఈ పద్ధతి ముందుగా పుంజుకొన్నది పాశ్చాత్య దేశములలోని ముస్లిం యువకుల నడుమ. కారణము స్పష్టమే. అచటి నగరములలో మదరసాలు అరుదు, పండితులు తక్కువ, ఉద్యోగములు చేయు యువకులకు తీరిక లేదు. అవసరమే ఉపాయమును నేర్పినది. 2002లో ఆరంభమైన అల్‌మగ్రిబ్ సంస్థ శని, ఆదివారములలో నగరనగరమున పాఠములు చెప్పు పద్ధతిని ప్రవేశపెట్టినది. కెనడాలోని సీకర్స్‌గైడెన్స్ సంస్థ అంతర్జాలమున ఉచితముగా పాఠ్యక్రమములను బోధించుచున్నది. కాలిఫోర్నియాలో 1996లో చిన్న విద్యాకేంద్రముగా వెలసిన జైతూనా, 2009లో కళాశాలయై, 2015లో ప్రభుత్వ గుర్తింపునకు సాటియైన విద్యాప్రమాణముల గుర్తింపును పొందినది. 2009లోనే ఇంగ్లండులో కేంబ్రిడ్జి ముస్లిం కళాశాల వెలసినది. యువకుల సంశయములకు వ్యాసరూపమున సమాధానములిచ్చుటకు 2016లో అమెరికాలో యఖీన్ సంస్థ ఏర్పడినది.

ఇట్టి క్రమబద్ధమైన పాఠము ఎట్లు జరుగునో ఎరిగియుండుట మంచిది. మొదట ఒక గ్రంథము నిర్ణయింపబడును. గురువు వాక్యము వాక్యముగా వివరించును. వారమునకు ఒకటి రెండు పాఠములు, ప్రశ్నలకు సమయము, చివర పరీక్ష. ఒక మెట్టు ఎక్కిన పిదపనే రెండవ మెట్టు. తజ్‌వీదు నేర్చుకొనువాడు తెరమీద గురువు ఎదుట ఖుర్ఆను చదువును. నోటి కదలికను చూచి, ధ్వని విని గురువు దిద్దును. ఇందు మదరసా పద్ధతి చాలవరకు నిలిచియున్నది. చాప మాత్రమే మారినది.

మన దేశమున 2016 చివరి నెలలలో మొబైలు డేటా ధరలు ఒక్కసారిగా తగ్గినవి. పేదవాని ఇంటిలోనికి కూడ వీడియో వచ్చినది. పిమ్మట 2020 వచ్చెను. మార్చి 25న దేశమంతట లాక్‌డౌన్ విధింపబడినది. ఆ సంవత్సరపు రంజాను మాసము, తరావీహు, ఈదు నమాజు సహితము ఇండ్లలోనే గడచినవి. మసీదు తలుపులు మూసియున్న ఆ దినములలో వృద్ధులైన హాఫిజు సాహెబులు సైతము మనుమల సహాయముతో ఫోనును ఎదుట పెట్టుకొని పాఠములు చెప్పిరి. అంతకుముందు సందేహించినవారును అంగీకరించిరి. నాటినుండి వెనుకకు పోవుట లేదు.

లాభమును, ప్రమాదమును

లాభములు ప్రత్యక్షములు. పరదాలో ఉండు విద్యార్థినికి, పగలంతయు దుకాణములో పనిచేయు యువకునికి, మదరసా లేని పల్లెలో పుట్టినవానికి ఇది తలుపు తెరచినది. ఉర్దూ లిపి రాని తెలుగు ముస్లిముల సంగతి మరియు ముఖ్యము. గుంటూరు, కృష్ణా మండలములలోను, రాయలసీమలోను తెలుగే ఇంటి భాషగా గల నూర్‌బాషా మొదలగు కుటుంబముల పిల్లలు, మతగ్రంథములన్నియు ఉర్దూలోనే ఉన్నవను భావముతో దూరమైపోయిరి. వారికి తెలుగు పాఠము ఒకటి ఫోనులో దొరికినచో అది చిన్న మేలు కాదు.

కాని ప్రమాదమును దాచరాదు. క్రమముగా సాగు పాఠము వేరు, మన ఎదుట జారిపోవు తునకలు వేరు. ఏ తునకను నీకు చూపవలెనో నిర్ణయించునది గురువు కాదు, యంత్రము. నీకు ఏది మేలు అని ఆ యంత్రము ఆలోచింపదు. నీవు దేనిని ఎక్కువసేపు చూచితివో లెక్కించి, అట్టిదానినే మరల మరల చూపును. మృదువుగా చెప్పువానికంటె తీవ్రముగా మాటలాడువానిని జనము ఎక్కువసేపు చూతురు. కావున తీవ్రతయే పైకి తేలును. గురువు శిష్యుని ముఖము చూచి, 'ఈ మాట నీకు ఇప్పుడు వద్దు' అనగలడు. యంత్రమునకు అట్టి మాట రాదు.

రెండవది, అభిప్రాయభేదములను తెలుపకుండుట. హనఫీ, షాఫయీ, మాలికీ, హంబలీ అను నాలుగు మార్గముల ఇమాములు పరస్పరము భేదించియు, పరస్పరము గౌరవించుకొనిరి. ఇమాము షాఫయీగారు ఇమాము అబూ హనీఫాగారి శిష్యుడైన ఇమాము ముహమ్మదు వద్ద చదువుకొనినవారే. ఒక నిమిషపు తునకలో ఒక మార్గమునకే చోటు ఉండును. తక్కినవి తప్పులుగా కనిపించును.

మూడవది, ఇటీవల వచ్చిన యంత్రబుద్ధి. ప్రశ్న వ్రాసిన మరుక్షణమే అది చక్కని వాక్యములలో బదులు చెప్పును. ఒక్కొక్కప్పుడు లేని హదీసును ఉన్నట్లుగా, గ్రంథము పేరుతోను, సంఖ్యతోను చెప్పును. దానికి సనదు లేదు, సిగ్గును లేదు. ఇబ్నె హజర్ 12 సంపుటములలో మనుష్యులను పరీక్షించిన పట్టుదలలో నూరవ వంతైనను మనము యంత్రమును పరీక్షించుటలో చూపవలెను.

షికాగో నగరపు ఒక పాఠము

విద్యయు, సేవయు ఒక్క కప్పు క్రింద పుట్టినవంటిమి. నేటి నగరములో అది సాధ్యమా అనువారికి ఒక ఉదాహరణ చాలును.

అమెరికాలోని షికాగో నగరము హైదరాబాదువారికి పరాయి ఊరు కాదు. అచటి డెవాన్ వీథిలో హైదరాబాదీ బిర్యానీ, ఉర్దూ మాట వినవచ్చును. ఆ వీథిలో ఒక భాగమునకు గాంధీ పేరును, ఇంకొక భాగమునకు జిన్నా పేరును గౌరవార్థము పెట్టిరి. మన వీథులనుండి పోయిన కుటుంబములెన్నియో అచట స్థిరపడినవి. కాని మేము చెప్పబోవునది నగరపు దక్షిణ భాగమును గురించి. అచట నివసించువారిలో నల్లజాతివారు, లాటిను అమెరికానుండి వచ్చినవారు ఎక్కువ. దారిద్ర్యము, నిరుద్యోగము, కాల్పులు అచటి నిత్యసమస్యలు. మూలమూలనున్న చిన్న దుకాణములలో పెక్కింటిని నడపువారు అరబ్బు ముస్లిములు. ఆ దుకాణములలో మద్యము, చిరుతిండ్లు దొరకును గాని, తాజా కూరగాయలు, పండ్లు దొరకవు. కొనువానికిని, అమ్మువానికిని నడుమ వైరము పెరిగినది.

ఆ ప్రాంతమున 1997లో కొందరు విద్యార్థులును, స్థానికులును కలసి 'ఇమాన్' అను సంస్థను రూపొందించిరి. వారిలో రామీ నషాషీబీ ముఖ్యుడు. ఆ సంస్థ వీథిలో ఉచిత వైద్యశాలను తెరచినది. దుకాణదారులతో మాటలాడి, తాజా పండ్లు, కూరగాయలు అమ్మునట్లు ప్రోత్సహించినది. చెరనుండి విడుదలయైన యువకులకు ఇండ్ల మరమ్మతు పని నేర్పి, పాడుపడిన ఇండ్లను వారి చేతులతోనే బాగుచేయించినది. ఆ ఇండ్లు కుటుంబములకు నివాసములైనవి, ఆ యువకులకు వృత్తి దొరికినది. 1966 ఆగస్టు 5న అచటి మార్క్వెట్ పార్కులో గృహవసతి హక్కులకై ఊరేగింపు నడపిన మార్టిన్ లూథర్ కింగ్ తలకు రాయి తగిలినది. ఏబది సంవత్సరముల పిదప, 2016లో, ఆ ప్రదేశమున ఆయన స్మారకమును నెలకొల్పుటలో ముందు నిలిచినది ఈ ముస్లిం సంస్థయే. 2017లో నషాషీబీకి మాక్‌ఆర్థర్ పురస్కారము లభించినది.

ఇందు మనము గ్రహింపవలసినదేమి? ఆ యువకులు తమ మతస్థులకు మాత్రమే సేవచేయలేదు, పొరుగువానికి చేసిరి. దుకాణదారుడు తమవాడే యని అతని తప్పును కప్పిపుచ్చలేదు. అతనితో కూర్చుండి మాటలాడిరి. పొరుగువాడు ఆకలితో ఉండగా తాను కడుపునిండ తినుట విశ్వాసి లక్షణము కాదను బోధను వారు వినుటతో ఆగలేదు.

మన నగరమునకు కూడ ఇట్టి శక్తి కలదు. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన కుంభవృష్టికి పాతబస్తీలోని పెక్కు బస్తీలు మునిగినపుడు, నడుములోతు నీటిలో దిగి వృద్ధులను, పసిపిల్లలను మోసుకొని వచ్చినది ఆయా వీథుల యువకులే. 2021 వేసవిలో రెండవ విడత కరోనా విజృంభించినపుడు, బంధువులే దగ్గరకు రాని శవములకు మతభేదము చూడక అంత్యక్రియలు జరిపిన ముస్లిం యువకుల సేవను నగరమంతయు చూచినది. ఆనాడు ఫోను వారికి ఉపదేశయంత్రము కాదు. ఏ ఇంట ఆక్సిజను కావలెనో, ఏ వీథిలో అన్నము లేదో తెలుపు సాధనము. అదే ఫోను, అదే యువకుడు. ఉపయోగము మాత్రమే వేరు.

చేయవలసిన పనులు

విద్యార్థి మిత్రులకు మా మనవి యిది. ఫోనులో మతపాఠము వినుటకు ముందు నాలుగు ప్రశ్నలు వేసికొనుడు. చెప్పువాడు ఎవరివద్ద, ఎన్ని సంవత్సరములు చదివెను? ఇది మొదలు, చివర గల పాఠమా, లేక నడుమ తెగిన తునకయా? ఇతర అభిప్రాయము కలదని ఇతడు చెప్పుచున్నాడా? ఇది విన్న పిదప నా హృదయము మెత్తబడినదా, గట్టిపడినదా? ఈ నాలుగింటిలో కడపటిది శాస్త్రములో లేకపోవచ్చును గాని, మొదట అడుగవలసినది అదియే. ఇంకొక మాట. స్వంత జీవితమునకు సంబంధించిన తీర్పులు, అనగా నికాహు, తలాకు, ఆస్తి పంపకము మొదలగునవి, తెలిసిన ముఫ్తీని ఎదుట కలసియే అడుగవలెను. మన సంగతులన్నియు వినకుండ చెప్పిన తీర్పు, రోగిని చూడకుండ ఇచ్చిన మందు వంటిది.

కళాశాల సంఘము వారికి మా విన్నపము. వారమునకు ఒక గంట, ఒక గది, ఒక పెద్ద తెర ఇచ్చినచో, విద్యార్థులు ఒంటరిగా దుప్పటిలో చూచు పాఠమును పదిమంది కలసి చూచి, ఒక పండితుని సమక్షమున చర్చించుకొందురు. ఆ చర్చ ఒక వారము ఉర్దూలోను, ఒక వారము తెలుగులోను జరుగవలెను. విద్యార్థినులకు ప్రత్యేక సమయమును, బోధించుటకు ఒక విదుషిని ఏర్పాటు చేయవలెను. గ్రంథాలయమున ఒక బీరువా తెలుగు ఇస్లామీయ గ్రంథములకు కేటాయింపవలెను. ప్రతి చర్చాసభకు అనుబంధముగా నెలకు ఒక సేవాకార్యము, రక్తదానమో, బడి మానిన పిల్లలకు పాఠములో, ఉండవలెను. సుఫ్ఫా అరుగునుండి మనము నేర్వవలసినది ఇదియే. వీనిలో దేనికిని పెద్ద ధనము అక్కరలేదు.

తలుపు తెరచిన కథ

ఇక ఆ విద్యార్థి సంగతి చెప్పి ముగించెదము. మేము సమాధానము చెప్పలేకపోయిన పది దినములకు, సిగ్గు విడిచి, అతనిని వెంటబెట్టుకొని అతని వీథి మసీదులోని వృద్ధ ఇమాము వద్దకు పోయితిమి. ఆయన కథ అంతయు విని కోపింపలేదు, నవ్వెను. "బేటా, బార్కస్ పోయినావా ఎప్పుడైనా?" అని అడిగెను. మనవాడు పోయినాడు, హలీము తినుటకు. "ఈసారి నమాజుకు పో. చూసి వచ్చి చెప్పు" అనెను.

బార్కస్ మన పాతబస్తీకి కొలది దూరమే. నిజాము సైన్యములో పనిచేయుటకు యమను దేశపు హజ్రమౌతునుండి వచ్చినవారి సంతతి అచట నివసించుచున్నది. వారు షాఫయీలు, తరతరములుగా రుకూకు ముందును, పిదపను చేతులెత్తుచునే ఉన్నారు. మనవాడు పోయి చూచి వచ్చెను. అపుడు ఇమాము సాహెబు ఇట్లనెను: "వాళ్లకూ సనదు ఉంది, మీ నానీకీ సనదు ఉంది. నీ ఫోనులో మాట్లాడినాయన వాళ్ల సనదు చెప్పినాడు గాని, మీ నానీ సనదు దాచిపెట్టినాడు. నువ్వు చేతులెత్తితే ఎత్తు, నీ నమాజు బాగానే ఉంటుంది. ఆమె నమాజు మీద మాత్రం చెయ్యెత్తకు."

మేము తెలుగు అధ్యాపకులము. ఇంతటి వాక్యమును మేము కూర్చలేము.

ఆ విద్యార్థి ఇపుడు ఫోనును పారవేయలేదు. పారవేయమని మేమును చెప్పలేదు. ఒక క్రమమైన అంతర్జాల పాఠములో చేరి, అర్థము కాని చోటులను వ్రాసికొని, శుక్రవారము నాడు ఇమాము సాహెబును అడుగుచున్నాడు. రాత్రి ఇషా అయిన పిదప తాను విన్నదానిని నానీకి చదివి వినిపించుచున్నాడట. ఆమె కొన్నింటికి తలయూపును, కొన్నింటికి "మా అబ్బా కూడా ఇట్లాగే చెప్పేవారు" అనునట.

వెనుక గది తలుపు ఇపుడు తెరచియున్నదని మొన్న చెప్పెను.